డబ్బులు వెనక్కి పంపేశారు, ఇప్పుడేం చేయమంటారు?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. నాలుగు కాగితాలు, రెండు వైపులా. పేరు వేయొద్దన్నారు. ఆనవాలు దొరికే సంగతులు తీసేసి మిగతాది కుదించి చెబుతున్నాను.

ఈవిడ కొడుక్కి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. పదో తరగతి పరీక్షలయ్యాక సైకిలేసుకుని లాసన్స్ బే వైపు బీచ్‌కి వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ జాలరిపేట కుర్రాడొకడు పరిచయమయ్యాడు. 18 ఏళ్లుంటాయి. తండ్రితో చేపల వేటకి వెళతాడు, శని ఆదివారాలు టూరిస్టులకి సర్ఫింగ్, అంటే బోర్డెక్కి కెరటాల మీద జారే ఆట, నేర్పి నాలుగు డబ్బులు తెచ్చుకుంటాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి వేసవిలో పడవ ఒడ్డునే ఉంది, ఆ కుర్రాడికి తీరికే తీరిక. ఆ రెండు నెలలూ పైసా పుచ్చుకోకుండా వీడికి నేర్పాడు. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ వెళ్లడం, లేచి నిలబడడం, పడేటప్పుడు తలకి చేతులు అడ్డం పెట్టుకోవడం, అన్నీ.

"పొద్దున్న ఏడింటికి నాలుగుసార్లు లేపితే గానీ లేవనివాడు నాలుగున్నరకి అలారం లేకుండా లేచేవాడు. ఫోను ఇంట్లో వదిలేసి వెళ్లేవాడు. వచ్చి ఎనిమిది ఇడ్లీలు తినేవాడు. నా కొడుకు నాకు మళ్లీ దొరికినట్టనిపించింది" అని రాశారు. పదిలో మంచి మార్కులొస్తే తండ్రి 22 వేలు పెట్టి, ఎవరో వాడిన బోర్డు కొనిచ్చారు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం గొడవైంది. కెరటాలు బాగున్నాయి, నీళ్లలో పదిహేను మంది దాకా ఉన్నారు. జాలరిపేట కుర్రాడు ఎక్కిన కెరటం మీదకే వీడూ ఎక్కాడు. బోర్డులు గుద్దుకున్నాయి. వీడి బోర్డు అడుగున చేప రెక్కలా ఉండే ఫిన్ తగిలి ఆ కుర్రాడి పిక్క తెగింది, ఏడు కుట్లు పడ్డాయి. అతని బోర్డు అంచు చీలింది. మిగతా కుర్రాళ్లు వీడి మీద కేకలేశారు. "గొడవ పెద్దదవుతుందని భయపడి మావాడు బోర్డు పట్టుకుని ఇంటికి వచ్చేశాడు." ఒడ్డునున్న స్నేహితుడు ఆ కేకల్ని వీడియో తీస్తే, సాయంత్రం వీడు దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు, ‘బీచ్ వీళ్ల సొంతమా?’ అన్న మాట తగిలించి. కింద కామెంట్లలో జనం ఆ పిల్లల కులాన్నీ పేటనీ లాగి నానా మాటలూ అన్నారు.

ఈవిడ కంగారుపడి, ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ పేటలోనే ఉంటుంది కాబట్టి ఆమె చేత ఐదు వేలు పంపారు. మర్నాడు కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. దాంతో పాటు ఆ కుర్రాడి తల్లి చెప్పమన్న మాట: "డబ్బులెందుకమ్మా, ఆ గుంటణ్ణి ఓపాలొచ్చి కనబడమను."

మూడు వారాలయింది. పిల్లవాడు బీచ్‌కి వెళ్లడు, పేటకి వెళ్లడు, ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుంటాడు. బోర్డు అమ్మేసి దసరా సెలవుల తర్వాత హాస్టల్లో వేసేద్దామని తండ్రి అంటున్నారు. "తప్పెవరిది? సర్ఫింగ్ మాన్పించాలా? ఆ డబ్బుల సంగతి ఏం చేయాలి?" ఇవీ ఈవిడ ప్రశ్నలు.

* * *

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పెవరిదన్న ప్రశ్న దగ్గర ఆగాను. రెండోసారి, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఆగాను: ‘బోర్డు పట్టుకుని ఇంటికి వచ్చేశాడు.’ దాని దగ్గరికి వస్తాను. ముందు అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

నేను సర్ఫింగ్ చేసేదాన్ని కాను. రెండేళ్ల కిందట రుషికొండలో మా మేనకోడలు పట్టుబడితే బోర్డెక్కాను. నిలబడింది మొత్తం మూడు సెకన్లు. ముక్కులో ఉప్పునీళ్ల మంట మాత్రం సాయంత్రం దాకా ఉంది. అందుకని మీ ఉత్తరం పట్టుకుని తెలిసినవాళ్లని అడిగాను. మొన్న ఆదివారం తెల్లవారుజామునే వెళ్లి గంటన్నర ఒడ్డున కూర్చున్నాను కూడా.

కెరటం ఒడ్డుకొచ్చేటప్పుడు ఉన్న పొడవంతా ఒక్కసారే విరగదు. కింద లోతు తగ్గేకొద్దీ పైకి లేచి, ఏదో ఒకచోట ముందు తల వాలుస్తుంది. మూడడుగుల కెరటం ఇంచుమించు నాలుగడుగుల నీళ్లలో విరుగుతుందని లెక్క. ఆ తల వాల్చిన చోటుని ఈ పిల్లలు పీక్ అంటారు. అక్కణ్ణుంచి చుట్టిన చాప విప్పుకున్నట్టు కుడికో ఎడమకో విరుగుతూ పోతుంది. బోర్డు మీదవాడు వెనక తరుముకొస్తున్న నురుగుకి చిక్కకుండా, ఇంకా విరగని నున్నటి నీటి గోడ మీద జారుకుంటూ పోవాలి. అంటే పీక్‌కి ఎవడు దగ్గరగా ఉండి లేచాడో వాడికే ఆ కెరటం పొడుగునా దారి ఉంటుంది. కాబట్టి కెరటం వాడిది. ఒక కెరటానికి ఒక్కడు. అవతలివాడు లేచాక వాడి దారిలోకి దిగడాన్ని డ్రాప్ ఇన్ అంటారు, హవాయిలో దిగినా ఆస్ట్రేలియాలో దిగినా తప్పే. మీవాడు చేసింది సరిగ్గా అదే. నీళ్లలో జరిగినంతవరకు తప్పు మీవాడిది. ఇందులో నాకు అనుమానం లేదు.

ఏదో మర్యాద కోసం పెట్టుకున్న నియమమని మీవారు అనుకోవచ్చు. కాదు, ఒళ్లు దక్కించుకోవడానికి పెట్టుకున్నది. వెనకనుంచి వచ్చేవాడు అప్పటికే వేగం అందుకుని ఉంటాడు. ఎదురుగా మనిషి, ఒక పక్క మీద పడబోతున్న నీళ్లు. తప్పుకునే చోటుండదు, బోర్డుకి బ్రేకుండదు. ముందువాడు పడ్డాడా, కాలికి కట్టిన తాడు సాగి వాడి బోర్డు గిరుక్కున వెనక్కి తిరిగొస్తుంది. అడుగున ఫిన్‌లు, గట్టివి, అంచులు పదును. ఈసారి పిక్కతో పోయింది. కన్నయితే?

ఒలింపిక్స్‌లో కూడా ఇదే పద్ధతి. సర్ఫింగ్ అక్కడికి చేరింది టోక్యో క్రీడలతో, 2021లో. 2024లో పారిస్ క్రీడలకి సర్ఫింగ్ పోటీని తాహితీ దీవిలో పెట్టారు. ఒక్కొక్కరికీ బాగా వచ్చిన రెండు కెరటాల మార్కులు కలిపి 20కి లెక్కేస్తారు. కెరటం హక్కున్నవాడికి అడ్డుపడితే ఆ మార్కుల్లో కోత పడుతుంది. మీవాడికివన్నీ నాకంటే బాగా తెలిసుంటాయి. తెలియక చేశాడని నేననుకోవడం లేదు.

అరగంట ఎదురుచూశానని, మంచి కెరటాలన్నీ అతనే ఎక్కేశాడని వాడన్నట్టు రాశారు. చూసే ఉంటాడు. కానీ ఇదేం కుళాయి దగ్గర బిందెల వరస కాదు, నా తర్వాత నీది అనడానికి. ఎంతసేపు ఆగావన్నది సముద్రానికి పట్టదు, ఎక్కడున్నావన్నదే లెక్క.

అలాగని మీవాడి ఫిర్యాదులో పసే లేదనను. పీక్ దగ్గరే తిష్ఠ వేసి వచ్చిన ప్రతి మంచి కెరటమూ తనే ఎక్కేసేవాడు నియమం తప్పడు గానీ మర్యాద తప్పుతాడు. పని బాగా వచ్చినవాడు రెండెక్కి మూడోది వదలాలి, అందులోనూ తను నేర్పిన పిల్లలకి. ఆ రోజు అతను వదల్లేదేమో. ఎందుకు వదల్లేదో కూడా ఆలోచించండి. జూన్‌లో నిషేధం ముగిసినప్పటి నుంచీ అతను మళ్లీ వేటలో ఉన్నాడు. ఆదివారం టూరిస్టులు రాకముందు దొరికే ఆ కాస్త పొద్దే వారం మొత్తానికి అతని సొంతం. మీవాడికి కాలేజీకి ముందు రోజూ ఉంది. అయినా అడగొచ్చు. "అన్నా, ఈసారి నాకొదులు" అంటే నీళ్లలో సాధారణంగా వదిలేస్తారు. నేను కూర్చున్న గంటన్నరలో ఆ మాట నాలుగుసార్లు విన్నాను. ఒకసారి మాత్రం జవాబుగా ఒక బూతు కూడా విన్నాను, కానీ అన్నవాడూ విన్నవాడూ ఇద్దరూ నవ్వుతున్నారు.

ఇక ‘బీచ్ వీళ్ల సొంతమా?’ అన్న మాట. సొంతం కాదు, ఎవరి సొంతమూ కాదు. కానీ విశాఖ ఓడరేవు మొదలైంది 1933లో. అంతకు ముందు ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడితే, మనుషుల్నీ సరుకుల్నీ కెరటాలు దాటించి ఒడ్డుకి చేర్చినవి మసూలా పడవలు. మేకన్నది లేకుండా పలకల్ని తాళ్లతో కుట్టేవాళ్లు. కెరటం గట్టిగా కొడితే ఆ పడవ వంగేది గానీ పగిలేది కాదు. వాటిని నడిపింది ఈ తీరం జాలరులే. కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, ఆ తర్వాత కాసేపు శాంతం. ఆ శాంతం కోసం తెప్ప పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడడం వాళ్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. మీవాడికి ఆ కుర్రాడు నేర్పింది అదే విద్య. కెరటాల గుంపుని సెట్ అంటారని కొత్త పేరు చెప్పి ఉంటాడు, అంతే తేడా. సర్ఫింగ్ మన ఊరికి కొత్త గానీ కెరటం లెక్క మన ఊరికి కొత్త కాదు. ‘సొంతమా?’ అని రాసిన పిల్లవాడు, అదే బీచ్‌లో రెండు నెలలు తనకి ఊరికే చదువు చెప్పిందెవరో కూడా ఒక ముక్క రాసి ఉండాల్సింది.

ఆ వీడియో విషయంలో మాత్రం మీకు రెండు దారులు చూపించను. ఈ జవాబు చదివిన పూటే తీసేయించండి. ఆ కామెంట్లు మీవాడు రాయలేదు, నిజం. ఆ రాతగాళ్లకి అరుగు వేసిచ్చింది మాత్రం వాడే. తీసేశాక ఏం చేయాలన్నది వేరే మాట. ఊరికే తీసేస్తే గొడవ చల్లారుతుంది, కానీ చూసినవాళ్ల దృష్టిలో ఆ కుర్రాడు రౌడీగానే మిగిలిపోతాడు. "తప్పు నాది, అతని కెరటం మీదకి నేనే దిగాను" అని రెండు ముక్కలు పెడితే కాలేజీలో నాలుగు రోజులు వెక్కిరిస్తారు, వీడియో తీసిచ్చిన స్నేహితుడు ముఖం మాడ్చుకుంటాడు. రెండింటిలో ఏది భరించగలడో వాణ్ణే తేల్చుకోనివ్వండి. మీరు మాత్రం వాడి బదులు రాసిపెట్టకండి. మీ ఉత్తరం తీరు చూస్తే మీకు ఆ చొరవ కాస్త ఎక్కువేమో అనిపించింది, ఏమీ అనుకోకండి.

ఇప్పుడు ఆ వాక్యం.

మొన్న నేను చూస్తుండగా ఇద్దరు పిల్లలు గుద్దుకున్నారు. పన్నెండు పదమూడేళ్లుంటాయి. ఇద్దరూ నురుగులో మునిగిపోయారు. ముందు తేలినవాడు తన బోర్డు ఎటు కొట్టుకుపోయిందో చూసుకోలేదు. రెండోవాడి తల కోసం చూశాడు. అది పైకి రాగానే "తగిలిందేటి రా?" అని అరిచాడు. అవతలివాడు ముక్కు పట్టుకుని లేదన్నట్టు తలూపాక అప్పుడు చెయ్యెత్తాడు, తప్పు నాదేనని. సర్ఫింగ్‌లో ఆ ఎత్తిన చెయ్యికి చాలా విలువుంది. అది కనబడితే కోపం సగం పోతుంది. కేకలేసినా నాలుగు కేకలతో సరిపెడతారు.

మీవాడు చెయ్యెత్తలేదు. నెత్తురు కారుతున్న స్నేహితుణ్ణి వేరేవాళ్లు ఒడ్డుకి తెచ్చారు, వేరేవాళ్లే ఆసుపత్రికి తీసుకెళ్లారు. 16 ఏళ్లు. పదిమంది మీదపడి అరుస్తుంటే భయం వేయదా? నాకైనా వేస్తుంది. పిరికివాడని ఇంట్లో ఎవరూ అనకండి, ముఖ్యంగా వాళ్ల నాన్నని అననివ్వకండి. బీచ్‌కి వెళ్లలేకపోతున్న దిగులుతో గోడవైపు తిరిగాడని మీరు రాశారు. నాకలా తోచలేదు. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశానన్నది వాణ్ణి లోపల తొలుస్తోంది. ఆ వీడియో పెట్టింది కూడా దాని మీద గుడ్డ కప్పడానికే. ఎదుటివాణ్ణి చెడ్డవాణ్ణి చేస్తే మన తప్పు కాస్త తేలికవుతుంది. మనం పెద్దవాళ్లం చేయట్లేదూ, ఆఫీసుల్లో, అత్తారిళ్లలో?

ఆ తల్లి మాట మళ్లీ చదవండి. ఓపాలొచ్చి కనబడమంది. ఆవిడ అడిగింది మనిషిని. మీరు పంపింది కవరు, అదీ మీ ఇంట్లో గిన్నెలు తోమే, తమ వీధిలోనే ఉండే మనిషి చేతికిచ్చి. మీ మనసులో చెడు లేదు, నాకు తెలుసు. కానీ పేటలో నలుగురి ముందు ఆ కవరు ఎలా కనబడి ఉంటుందో ఊహించుకోండి. తీసుకుంటే పిక్క ఖరీదు ఐదు వేలని ఒప్పుకున్నట్టు. అందుకే విప్పను కూడా విప్పలేదు.

ఎవరు వెళ్లాలన్నది చూద్దాం. వాడొక్కడే వెళితే ఆ మాటకి ఎక్కువ బరువుంటుంది, కానీ ఆ వీధిలో ఆ రోజు కేకలేసినవాళ్లు కూడా ఉంటారు, వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేసే ప్రమాదం ఉంది. ఒకసారి అలా వచ్చేస్తే రెండోసారి బయల్దేరడం ఇంకా కష్టం. మీతో వెళితే ఇద్దరు తల్లులూ మాట్లాడేసుకుంటారు, కన్నీళ్లు తుడుచుకుంటారు, పిల్లలిద్దరూ చెరో గుమ్మం పట్టుకుని నిలబడతారు. వ్యవహారం తెగుతుంది గానీ వాడు నోరు విప్పినట్టు కాదు. మూడోది, వాళ్ల నాన్న స్కూటర్ మీద వీధి మొదటిదాకా తీసుకెళ్లి, అక్కడే ఆగడం. నాకిది నచ్చింది. బోర్డు అమ్మేద్దామన్న మనిషి, ఈ పనికి తోడు వచ్చాడంటే పిల్లవాడికి అది వేరేగా తగులుతుంది. ఆయన ఒప్పుకోకపోతే మీ అన్నదమ్ములెవరైనా ఉంటే చూడండి.

వెళ్లాక ఏమవుతుందో చెప్పలేను. టీ ఇవ్వొచ్చు. ఆ కుర్రాడు ముఖం తిప్పుకోవచ్చు. "సర్లే, ఎల్లు" అని గుమ్మంలోనే పంపేయొచ్చు. అలా పంపేస్తే మీవాడు ఇంటికొచ్చి ‘చూశావా, వెళ్లినా లాభం లేదు’ అంటాడు. అప్పుడు మీరు వాడితో కలిసి వాళ్లని తిట్టకుండా ఉంటే చాలు. ఏం మాట్లాడాలో ముందే బట్టీ పట్టించకండి కూడా. కాలెలా ఉందని అడిగితే ఆ తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి.

నష్టం సంగతి మాత్రం వదిలేయడానికి వీల్లేదు. గాయం పూర్తిగా మానేదాకా ఆ కుర్రాడు ఉప్పునీళ్లలో దిగకూడదు. అంటే వేట లేదు, టూరిస్టుల పాఠాలూ లేవు. మీ పిల్లవాడికి ఆ కెరటం సరదా, అతనికి ఆ కాలు కూలి. బోర్డు చీలిక ఇంకో తలనొప్పి. అలాగే వాడితే లోపలి ఫోము నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, తర్వాత దేనికీ పనికిరాదు. బాగా ఎండబెట్టి, ఫైబరు గుడ్డ పరిచి రెజిన్ అనే జిగురు పూసి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. ఆ పని ఆ పేట పిల్లలకే వచ్చు. మీవాడు పక్కన కూర్చుని గరుకు కాగితం రుద్దితే చేతులు మండుతాయి, మండనివ్వండి. కాలు మానాక, ఆ చీలిన బోర్డు బాగయ్యేదాకా, "అన్నా, నా బోర్డు వాడుకో" అనగలిగితే మీవారు అమ్మేద్దామంటున్న ఆ 22 వేల బోర్డుకి అంతకంటే మంచి ధర ఏ బేరగాడూ ఇవ్వడు.

హాస్టల్ గురించి. హాస్టల్లో ఉండి బాగుపడిన పిల్లలు మా ఇంట్లోనే ఇద్దరున్నారు, దాని మీద నాకు పగేమీ లేదు. కానీ చదువు కోసం వేసిన హాస్టల్ వేరు, శిక్షగా వేసిన హాస్టల్ వేరు. ఇప్పుడు వేస్తే ఈ వ్యవహారం సగంలో తెగి వాడితో పాటు అక్కడికి వెళుతుంది. ఎలాగైనా వేయాలనే అనుకుంటే, పేటకి వెళ్లొచ్చాక వేయండి. సర్ఫింగ్ పూర్తిగా మాన్పిస్తే మీకు నిద్ర పడుతుంది, పొద్దున్నే గుండెదడ ఉండదు, అదేమీ చిన్న లాభం కాదు. నష్టమేమిటంటే, జరిగిన తప్పంతా సముద్రం నెత్తిన పోతుంది. గుద్దింది వాడు, పారిపోయింది వాడు, శిక్ష బోర్డుకి.

మూడో దారి, కొనసాగించడం. నా మొగ్గు అటే, కానీ ఆ రోజు లేనట్టు నటిస్తూ కాదు. ఓ నెల పాటు పీక్ దగ్గరికి పోకుండా పక్కన చిన్న కెరటాలతో సరిపెట్టుకోమనండి, అంచులు మెత్తగా ఉండే ఫోమ్ బోర్డు దొరికితే దాంతో. లోపలికి వెళ్లేటప్పుడు కెరటాలు విరిగే చోటుకి అడ్డంగా పోకుండా పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్లాలి. ఎవరైనా కెరటం మీద వస్తూ తను మధ్యలో చిక్కుకుంటే, వాడు వెళ్లే నున్నటి వైపు కాక, దెబ్బలు తిన్నా సరే నురుగు వైపు పోవాలి. పెద్ద కెరటం చూసి బోర్డు వదిలేసి కింద మునగడం అస్సలు కూడదు, వెనక ఎవరుంటారో తెలియదు. ఇవన్నీ ఆ కుర్రాడు మొదటి వారంలోనే చెప్పి ఉంటాడు. మీరు కొత్తగా చెప్పినట్టు చెబితే నవ్వుతాడు, అడిగినట్టు అడగండి.

మీ భయం గురించి ఒక్క ముక్క. మన బీచ్‌లలో ఏటా ప్రాణాలు పోతున్నది ఎక్కువగా సరదాగా నీళ్లలో దిగినవాళ్లవి. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం నల్లగా, ప్రశాంతంగా కనబడుతుంది. తెలియనివాళ్లు అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి పరుగెత్తే దారి అది. దానికి ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు, తీరం వెంబడి అడ్డంగా ఈదితే బయటపడొచ్చు. సర్ఫింగ్ పిల్లలు ఆ పాయనే లోపలికి వెళ్లే రోడ్డులా వాడుకుంటారు, చూస్తే ముచ్చటేస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కెరటాల ఎత్తు మీద ముందస్తు సమాచారం, హెచ్చరికలు ఇస్తుంది. చూసే అలవాటు చేసుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లం, మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. హెచ్చరిక ఉన్న రోజు బోర్డు ఇంట్లోనే ఉండాలి, దీని మీద బేరాల్లేవు.

చదువంటారా, నాలుగున్నరకి లేచేవాడు తొమ్మిదిన్నరకి పడుకోవాలి. ఇంటర్ పిల్లాడికి అది రోజూ కుదరదు. వారానికి మూడు పొద్దులు చాలు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చినవి ఆ ఎనిమిది ఇడ్లీలు. మొన్న ఒడ్డున కూర్చున్నప్పుడు అర్థమైంది అంత ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుందో. పదేళ్ల బుడతడొకడు, విరిగిపోయిన బోర్డు ముందు ముక్క ఎక్కడో సంపాదించాడు. నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఆ ముక్కని లాక్కుంటూ నురుగులోకి వెళ్లడం, పడడం, మళ్లీ వెళ్లడం. ఎన్నిసార్లో లెక్క మర్చిపోయాను. చివరికి నిలబడ్డాడు. మోకాళ్లు వంచి, రెండు చేతులూ చాపి, ఆరేడు గజాలు వచ్చుంటాడు. కింద నీళ్లు ఎలా ఉన్నాయో, ముందు ఎవరున్నారో చూడలేదు. తలెత్తి నేరుగా ఒడ్డు వైపు చూశాడు. ఎవరైనా చూశారా అని. చూసింది నేనొక్కదాన్నే. చప్పట్లు కొట్టాను. సిగ్గుపడి నీళ్లలో పడిపోయాడు.

మీవారు వాడు కెరటమెక్కడం ఎప్పుడైనా చూశారా? బోర్డు కొనిచ్చారని రాశారు, అమ్మేద్దామంటున్నారని రాశారు, మధ్యలో ఒక్క పొద్దయినా ఒడ్డుకి వచ్చారని మాత్రం ఎక్కడా లేదు. అమ్మినా ఉంచినా, ఆ నిర్ణయం ఒకసారి చూశాక తీసుకోమనండి. ఐదున్నరకల్లా అక్కడుండాలి. పొద్దెక్కితే సముద్రం గాలి లేచి నీళ్లు చెదిరిపోతాయి, చూడ్డానికేమీ ఉండదు.

ఆ ఐదు వేలూ ప్రస్తుతానికి బీరువాలోనే ఉండనివ్వండి. రెజిన్‌కీ ఫైబరు గుడ్డకీ ఎంతవుతుందో, ఎన్ని రోజుల కూలి పోయిందో ఆ కుర్రాడే చెబుతాడు. మీవాడు వెళ్లి అడగాలి, అంతే.